మైదానంలో మన గల్లీ ఏది?

2024లో ఈద్ పండక్కి 'మైదాన్' సినిమా వచ్చింది. పండగ సందడి తగ్గాక మామూ దగ్గరికి వెళ్లి "రహీం సాబ్ పే పిక్చర్ ఆయా మామూ" అన్నాను. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. మోకాళ్లు సహకరించవు. సినిమాలు మానేసి పదేళ్లవుతోంది. ఏమీ అడక్కుండా లేచి షేర్వాణీ తీసి వేసుకున్నారు.

మూడు గంటల సినిమా. మామూ కదల్లేదు. చివర జకార్తా ఫైనల్ వస్తుంటే నా చెయ్యి పట్టుకున్నారు. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో అరవై రెండేళ్లుగా తెలిసిన మనిషి! బయటికొచ్చి ఇరానీ హోటల్లో కూచున్నాక "కైసా హై మామూ?" అని అడిగాను. చాయ్ సాసర్లో పోసుకుంటూ, "అచ్ఛా హై. మగర్ వో ఆద్మీ హమారె సరికా బాత్ నై కర్రా" అన్నారు. బాగుంది గానీ ఆయన మనలా మాట్లాడటం లేదట.

ఈ వ్యాసం ఆ వొక్క ముక్క నుంచి పుట్టింది.

నేను ఫుట్‌బాల్ పండితుణ్ని కాను. 1998 వరల్డ్ కప్‌ని అర్ధరాత్రుళ్లు టీవీ ముందు కూచుని చూసి ప్రేమలో పడ్డవాణ్ని. ఫైనల్లో జిదాన్ తలతో కొట్టిన రెండు గోల్స్ ఇప్పటికీ కళ్లముందున్నాయి. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇవాళ్టికీ ఎవరికైనా చెప్పాలంటే అగ్గిపుల్లలు పేర్చాల్సిందే. కాబట్టి ఇవి వొక మామూలు అభిమాని అభిప్రాయాలు, కొన్ని ప్రశ్నలు. తప్పులుంటే తెలిసినవాళ్లు కొట్టండి, పడతాను.

సినిమాలో మంచి ముందు చెప్పాలి. దర్శకుడు అమిత్ శర్మ మ్యాచ్‌లు బాగా తీశాడు. బంతి వెనకాల మనమూ పరిగెడతాం. అజయ్ దేవగన్ అరవడు, తొడ కొట్టడు. అన్నిటికన్నా ముఖ్యం - రహీం ముస్లిం అని ఎక్కడా డప్పు కొట్టలేదు, దాచనూ లేదు. ఆయన చేత దేశభక్తి సర్టిఫికెట్ అడిగించుకునే సీను పెట్టలేదు. సినిమాల్లో ముస్లిం అంటే మాఫియావాడో, టెర్రరిస్టో, లేకపోతే ప్రాణమిచ్చి నిజాయితీ రుజువు చేసుకునే స్నేహితుడో అయివుండాల్సిన కాలంలో, సిగరెట్ కాల్చుకుంటూ తన పని తాను చేసుకుపోయే వొక ముస్లిం కోచ్‌ని మూడు గంటలు చూడటం వూరటే. నేనైతే వూపిరి పీల్చుకున్నాను.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

సినిమా 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌తో మొదలవుతుంది. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో వోడిపోయిన మ్యాచ్. కథకి అది మంచి ఎత్తుగడే. దెబ్బతిన్నవాడు లేచి గెలుస్తాడు. కానీ రహీం సాబ్ కథ అక్కడ మొదలవలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ని 1-0తో వోడించి బంగారు పతకం తెచ్చిన జట్టుకీ ఆయనే కోచ్. దానికన్నా ముందుది ఇంకా పెద్ద సంగతి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అదే 1950లో మోహన్ బగాన్‌ని వోడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆ సంవత్సరాన్ని వొకసారి చూడండి. 1950. పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబర్‌లో. దాని వెనకాల మరాఠ్వాడా వూళ్లలో, బీదర్‌లో, గుల్బర్గాలో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మన పెద్దలు గుసగుసగా చెప్పేవారు, చెప్పి మళ్లీ నోరు మూసుకునేవారు. పాత నౌకరీలు పోయాయి. పాత రాజ్యం పోయింది. వున్నవాళ్లు కరాచీకి పోదామా వుందామా అని తర్జనభర్జన పడుతున్నారు. సరిగ్గా రెండేళ్లకి ఆ వూరి పోలీసుల జట్టు - అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్ లాంటి పేర్లతో - బొంబాయికి పోయి, ఢిల్లీకి పోయి కప్పులు తెచ్చుకుంటోంది. పోలీసు అనే మాట వినగానే భయపడాల్సిన ఇళ్లల్లో పోలీస్ టీం గెలిచిందని మిఠాయిలు పంచారని మామూ చెబుతారు. ఆయన అప్పటికి చిన్నపిల్లాడు. విన్నదే చెబుతున్నారు. అయినా నమ్ముతాను.

సినిమా తియ్యాలంటే దీనికన్నా గొప్ప మొదలు ఏముంటుంది? కానీ ఇది తియ్యాలంటే 1948 గురించి మాట్లాడాలి. దేశాన్ని గెలిపించే కథలో దేశంలో కలిసిన తీరు గురించి మాట్లాడటం ఇబ్బంది. హెల్సింకీ నుంచి మొదలుపెడితే ఏ గొడవా లేదు.

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పిన ఉస్మానియాలో చదివారు. బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పారు. ఆయన కోచింగ్ అంతా పంతులు పనే. హైదరాబాద్‌లో ఆయన పెట్టిన టోర్నమెంట్లు విన్నారా? వొక దాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి వచ్చిన వెంటనే పాస్ ఇవ్వాలి. ఇంకో దాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో కొట్టాలి. హోంవర్కు లాగా! ఎడమచేత్తో రాయిస్తే ఏడ్చే పిల్లల్లాగా పెద్ద పెద్ద సెంటర్ ఫార్వర్డ్‌లు ఎలా తిట్టుకుని వుంటారో తలుచుకుంటే నవ్వొస్తుంది. కోచ్ అంటే గెలుపు ముందర వుపన్యాసం దంచేవాడని సినిమాలు మనకి నేర్పాయి. ఈ సినిమా కూడా ఆ దారే కొంచెం పట్టింది. బడిపంతులు తక్కువ, సేనాపతి ఎక్కువ.

మామూ అన్న మాట ఇక్కడే పనికొస్తుంది. ఆయనకి లోటనిపించింది యాస వొక్కటే కాదు. యాస పోతే దాంతోపాటు గల్లీ పోతుంది, చబుత్రా పోతుంది, కమాన్ పక్కన చాయ్ తాగుతూ "క్యా ఖేల్తె థె మియా" అనుకునే నలుగురు పోతారు. రహీం వొంటరి మేధావి అయిపోతాడు. అలాంటివాడు ఏ వూళ్లోనైనా పుట్టొచ్చు. కానీ 1956 మెల్‌బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం - ఇంతమంది వొక్క వూరి ఆటతో పెరిగినవాళ్లు ఎలా వచ్చారు? వొక మేధావి వల్లనా, వొక వూరి వల్లనా? ఆ జట్టు 1956 డిసెంబర్ 1న ఆస్ట్రేలియాని 4-2తో కొట్టింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ కూడా మనదే, తర్వాత 4-1తో వోడాం. నాలుగో స్థానం. సరిగ్గా నెల కిందటే, నవంబర్ 1న, హైదరాబాద్ అనే రాష్ట్రం పటం మీంచి పోయింది. ఆటగాళ్లు మెల్‌బోర్న్‌లో ఆడేసరికే వాళ్ల వూరు వేరే రాష్ట్రానికి రాజధాని!

ఇక్కడ మనవాళ్లతో కూడా వొక తగువుంది. ఈ కథ దొరగ్గానే మనం 'మన ముస్లిం ఆటగాళ్లు' అని జాబితా రాసుకుంటాం. మన పత్రికల్లో, సభల్లో ఈ జాబితా చాలాసార్లు విన్నాను. అందులో బలరాం వుండడు. అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టి, రహీం సాబ్ కంట పడి, ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెనైన తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ క్లబ్బుల్లో మొదలుపెట్టి దేశానికి గోల్‌కీపరైన పీటర్ తంగరాజ్ వుండడు. తర్వాతి తరంలో విక్టర్ అమల్‌రాజ్ వుండడు. రహీం సాబ్ చూపు హుస్సేన్ సాగర్‌కి రెండు పక్కలా తిరిగింది. పాతబస్తీ ఎంతో, కంటోన్మెంట్ బస్తీలూ అంతే. ఆయన జాబితా రాసుకుంటే కాళ్లు చూసి రాసుకున్నారు. ఆయన పేరుతో మనం రాసే జాబితా పేర్లు చూసి రాస్తే అదేం న్యాయం?

2023 ఫిబ్రవరిలో బలరాం పోయినప్పుడు నేను వొక తెలుగు పత్రిక డెస్కులో వున్నాను. వార్త వచ్చింది. "ఎవరీయన, బెంగాలీనా?" అన్నారు. కాదు, మన సికింద్రాబాద్ మనిషి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ వేశాడు, 1962లో బంగారు పతకం జట్టులో ఆడాడు అన్నాను. నాలుగు అంగుళాలు ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 15న మొహమ్మద్ హబీబ్ పోయారు. కలకత్తా ఆయన్ని 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ వేసినవాడు. ఆయనకూ నాలుగు అంగుళాలే. ఆ రోజు స్వాతంత్ర్య దినోత్సవ ప్రకటనలు ఎక్కువ మరి.

ఈ అనుభవం వల్లే సినిమాలోని విలన్ నాకు నచ్చలేదు. కలకత్తా పత్రికా పెద్దమనిషి, ఫెడరేషన్‌లో బెంగాల్ అధికారులు రహీంకి అడ్డు పడతారు. అసూయ, ప్రాంతీయత వుండేవుంటాయి, కాదనను. కానీ బలరాంకి, నయీముద్దీన్‌కి, హబీబ్‌కి, ఆయన తమ్ముడు అక్బర్‌కి అన్నం పెట్టిందీ, పేరు పెట్టిందీ కలకత్తానే. బలరాం బెంగాల్‌లోనే ఇల్లు కట్టుకుని అక్కడే కన్నుమూశాడు. హైదరాబాద్ ఏం చేసింది? ఆటగాళ్లని పుట్టించి రైలెక్కించింది. ఆ తర్వాత క్రికెట్ చూసుకుంది. ఉర్దూ పత్రికలు రాసిన ఫుట్‌బాల్ తెలుగు పాఠకుడికి చేరలేదు, తెలుగు పత్రికలు రాయాలనుకోలేదు. రెండు భాషల్లో బతికే నాలాంటివాళ్లు మధ్యలో కూచుని ఆ పని చెయ్యకుండా ఏం చేశాం? విలన్ని కలకత్తా పంపేస్తే ఈ లెక్క ఎవరూ అడగరు.

జకార్తా గురించి వొక మాట. 1962 సెప్టెంబర్ 4. ఇజ్రాయెల్, తైవాన్‌లని ఆటలకి రానివ్వలేదని మన అధికారి సోంధీ అభ్యంతరం చెప్పినందుకు ఇండోనేషియా జనం మన మీద మండిపడి వున్నారు. లక్షమంది స్టేడియంలో గేలి చేస్తున్నారు. తంగరాజ్ జ్వరం నుంచి లేచి వచ్చాడు. తల పగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ఫార్వర్డ్‌లో ఆడించారు. పీకే బెనర్జీ వొక గోల్, జర్నైల్ వొక గోల్. దక్షిణ కొరియా మీద 2-1. ఆ రోజు ఆ జనంలో మనకోసం చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు వుందని మన ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. నాకు ఈ మ్యాచ్‌లో గోల్స్ కన్నా ఇదే ఎక్కువ యిష్టం. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. క్రికెట్ మ్యాచ్ రోజున "మీరు ఏ జట్టు?" అని నవ్వుతూ అడిగే పక్కింటాయన నాకూ వున్నాడు. ఫుట్‌బాల్ గురించి ఆ ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. బహుశా అందుకే నాకీ ఆట అంత తేలిగ్గా నచ్చింది.

అయినా ఆ ప్రశ్న ఫుట్‌బాల్‌లోనూ వుంది, వేరే దేశాల్లో. జిదాన్ అల్జీరియా వలసజీవుల బిడ్డ. 1998లో కప్పు తెచ్చినప్పుడు ఫ్రాన్స్ అంతా తనదే అంది. మూడేళ్లకి, 2001 అక్టోబర్‌లో, పారిస్‌లో ఫ్రాన్స్-అల్జీరియా మ్యాచ్‌లో కుర్రాళ్లు ఫ్రెంచ్ జాతీయగీతాన్ని గేలి చేశారు, మైదానంలోకి దూకారు, ఆట ఆగిపోయింది. అప్పుడు అదే ఫ్రాన్స్ వాళ్లని ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది. 2014లో జర్మనీకి వరల్డ్ కప్ ఆడిపెట్టిన ఓజిల్, 2018లో జట్టు వోడి వచ్చాక తప్పుకుంటూ చెప్పింది కూడా ఇదే కదా - గెలిస్తే జర్మన్‌ని, వోడితే వలసదారుణ్ని అని. ఎర్దోగాన్‌తో ఫోటో దిగడం తెలివైన పని అని నేననను. కానీ ఆ మాట అబద్ధమనీ అనలేను.

అందుకే సినిమా చివర అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే నాకు వొక సందేహం. జకార్తాలో వోడి వుంటే ఈ సినిమా వచ్చేదా? 1960 రోమ్ జట్టు హంగరీతో 2-1తో వోడింది, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసింది, పెరూ చేతిలో వోడి ఇంటికొచ్చింది. చాలామంది పెద్దలు చెప్పడం మన అన్నిటిలోకీ బాగా ఆడిన జట్టు అదేనని. అందులోనూ కోచ్ ఆయనే. పతకం రాని ఆ రహీం, 1963 జూన్‌లో కాన్సర్‌తో పోయిన రహీం, గెలవకపోయినా మనవాడేనా? సినిమా ఈ ప్రశ్న దగ్గరిదాకా వచ్చి బంగారు పతకం చూపించి తప్పుకుంది.

2022 మార్చిలో హైదరాబాద్ పేరున్న క్లబ్బు ఐఎస్ఎల్ గెలిచినప్పుడు మా అబ్బాయి రాత్రి గల్లీలో టపాసులు కాల్చాడు. "మన గల్లీ పిల్లగాడు అందులో వొక్కడైనా వున్నాడారా?" అని అడిగారు మామూ. వాడు నీళ్లు నమిలాడు. 2025లో ఆ క్లబ్బు అప్పుల్లో పడి, చేతులు మారి, పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. మామూకి చెబితే "ఆయా కబ్ థా?" అన్నారు.

ఇరానీ హోటల్లో లేవబోతూ, ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగాను. బలరాం గొప్పా, హబీబ్ గొప్పా? సాసర్ పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించారు. బలరాంకి రెండు కాళ్లూ వొకటే, హబీబ్‌కి రెండు వూపిరితిత్తులు ఎక్కువ అన్నారు. అయితే ఎవరు మామూ అంటే, బలరాం అన్నారు. నేను హబీబ్ అంటాను. ఇద్దర్నీ చూసింది ఆయన, నేను కాదు. అయినా ఇంటిదాకా వాదించాను.