అవరోధమా, శమనమా? డోలన యంత్రాల్లో డ్యాంపింగ్ భావన – జహీరాబాద్ వాహనాల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం: డోలనం చేసే యాంత్రిక వ్యవస్థ క్రమంగా నిలకడకు రావడాన్ని ఇంగ్లీషులో డ్యాంపింగ్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ భావనను ‘అవరుద్ధ డోలనాలు’ అనే శీర్షిక కింద పరిచయం చేస్తాయి. ఈ పరిభాష, దానితో వచ్చే సమీకరణం కలిసి విద్యార్థికి ఇచ్చే అవగాహనలో మూడు లోపాలున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. శక్తి ఎటు పోతుందన్నది మరుగున పడుతుంది. డ్యాంపింగ్ అన్నిచోట్లా ఒకే విధంగా పనిచేస్తుందన్న భ్రమ కలుగుతుంది. అది ఎంత ఎక్కువైతే అంత మేలన్న తప్పుడు నిర్ధారణకు దారి ఏర్పడుతుంది. తేలికపాటి ట్రక్కులు, ట్రాక్టర్లు తయారయ్యే జహీరాబాద్ నుంచి తీసుకున్న ఉదాహరణలతో ఈ మూడింటినీ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అవరుద్ధ డోలనాలు, శమన నిష్పత్తి, కమాన్ కట్టలు, షాక్ అబ్జార్బర్, ట్రాక్టర్ సీటు, విజ్ఞానశాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఒకప్పటి మెదక్ జిల్లాలోను, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలోను ఉన్న జహీరాబాద్ పట్టణానికి వాహన పరిశ్రమతో నాలుగు దశాబ్దాల అనుబంధం ఉంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో ఇక్కడ తేలికపాటి ట్రక్కుల తయారీ చేపట్టింది. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. 2013లో అదే సంస్థ ఇక్కడ ట్రాక్టర్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. పట్టణం మీదుగా హైదరాబాద్–పుణె జాతీయ రహదారి సాగుతుంది. చుట్టుపక్కల చెరకు పొలాల నుంచి ట్రాక్టర్ ట్రాలీలు బరువుతో ఊగుతూ రోడ్డెక్కుతాయి. డోలనమూ దాని శమనమూ ఇక్కడ ప్రయోగశాలకు పరిమితమైన విషయాలు కావు.

ఇంతటి ప్రత్యక్ష అనుభవం మధ్య పెరిగిన విద్యార్థికి పుస్తకంలో డ్యాంపింగ్ మాత్రం స్ప్రింగుకు వేలాడదీసిన దిమ్మెగా, గాలిలో ఊగి ఆగిపోయే లోలకంగా ఎదురవుతుంది. ఆ మాత్రం పరిచయం కూడా ఇప్పుడు అందరికీ దొరకడం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రకటించిన హేతుబద్ధీకరణలో 11వ తరగతి భౌతికశాస్త్రంలోని డోలనాల అధ్యాయం నుంచి అవరుద్ధ డోలనాలు, బలాత్కృత డోలనాలు అనే విభాగాలను తొలగించింది. అవి లేకుండా మిగిలేది ఎన్నటికీ ఆగని ఆదర్శ డోలనం మాత్రమే. అటువంటి డోలనం చేసే యంత్రం ఏదీ లోకంలో లేదు. అందువల్ల ఈ భావనను తెలుగులో ఎలా చెబుతున్నాం, ఎలా చెప్పాలి అన్న ప్రశ్న ఇప్పుడు మరింత అవసరమైనది.

2. మాటలోని చిక్కు

‘అవరుద్ధ’ అంటే అడ్డగించబడినది. అవరోధం అనగానే తెలుగు పాఠకుడి మనస్సులో మెదిలేది దారికి అడ్డంగా నిలిచిన రాయి, గోడ, గేటు. అడ్డు తగిలినది ఆగిపోతుంది, లేదా వెనుదిరుగుతుంది. డ్యాంపింగ్‌లో జరిగేది ఈ రెండూ కావు. వస్తువు కదులుతూనే ఉంటుంది, సమతాస్థానాన్ని పలుమార్లు దాటుతూనే ఉంటుంది. ప్రతి ఆవర్తనంలోనూ దాని యాంత్రికశక్తిలో కొంత భాగం ఉష్ణంగా మారి తిరిగి రాకుండా పోతుంది. స్ప్రింగు కూడా చలనాన్ని అడ్డగిస్తుంది. అయితే అది తీసుకున్న శక్తిని దాచి తిరిగి ఇస్తుంది. డ్యాంపర్ తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వదు. ఈ రెండింటి నడుమ ఉన్న మౌలిక భేదం ‘అవరోధం’ అన్న ఒక్క మాటలో చెరిగిపోతుంది.

ఇంగ్లీషు వాడుక కూడా దోషరహితం కాదు. ‘షాక్ అబ్జార్బర్’ అనే పేరే ఇందుకు సాక్ష్యం. చక్రం గుంతలో పడినప్పుడు కలిగే అదటును ముందుగా స్వీకరించేది స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ చేసే ప్రధానమైన పని, ఆ తరువాత స్ప్రింగులో మిగిలిన ఊగిసలాటను అణచడం. స్ప్రింగు చేసే పనిని పేరుగా ధరించిన ఈ పరికరం రెండు భాషలలోనూ విద్యార్థిని ఒకే విధంగా పక్కదారి పట్టిస్తుంది.

హిందీ పరిభాష ఇదే భావనకు ‘అవమందన’ను ఎంచుకుంది. మందగించడం అనే సూచన ఉండడం వల్ల అది కొంత మెరుగే గాని, అందులోనూ శక్తి ప్రస్తావన లేదు. ‘క్షీణ డోలనం’ అంటే ఫలితం తెలుస్తుంది, కారణం తెలియదు. ‘ఉపశమనం’ అన్న మాట ద్వారా తెలుగువారికి సుపరిచితమైన ‘శమనం’ ఈ ప్రక్రియకు దగ్గరగా ఉంటుంది. జ్వరం శమించినట్లే డోలనమూ దిగివస్తుంది. అయితే స్థిరపడిన పారిభాషిక పదాన్ని ఒక్క కలంపోటుతో మార్చడం వల్ల గందరగోళమే మిగులుతుంది. ‘అవరుద్ధ డోలనం’ అన్న పేరును ఉంచి, జరిగే ప్రక్రియకు ‘శమనం’ అన్న మాటను వాడడం ఆచరణయోగ్యం. ఈ వ్యాసం ఆ పద్ధతినే అనుసరిస్తుంది.

3. సమీకరణం చెప్పేది, దాచేది

పాఠ్యపుస్తకంలోని సమీకరణం మూడు బలాల మొత్తం. ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధం మొదటిది. వేగానికి అనుపాతంలో ఉండే శమన బలం రెండవది. స్థానభ్రంశానికి అనుపాతంలో ఉండే స్ప్రింగు బలం మూడవది. దీని సాధనను బట్టి కంపన పరిమితి కాలంతో ఘాతీయంగా తగ్గుతుంది, డోలనపు పౌనఃపున్యమూ స్వల్పంగా తగ్గుతుంది. శమన గుణకాన్ని, డోలనం పూర్తిగా అంతరించే కనీస గుణకంతో భాగిస్తే వచ్చేదే శమన నిష్పత్తి. అది 1 కన్నా తక్కువైతే వస్తువు ఊగుతూ తగ్గుతుంది. 1కి సమానమైతే ఊగకుండా అతి త్వరగా సమతాస్థానానికి చేరుతుంది. 1ని మించితే ఊగదు గాని, చేరడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది.

ఈ సంఖ్యకు ఇంద్రియగోచరమైన అర్థం ఉంది. మెకానిక్ వాహనం ముందు మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలి, అది ఎన్నిసార్లు ఊగుతుందో చూస్తాడు. శమన నిష్పత్తి 0.3 అయితే ఒక పూర్తి ఆవర్తనం గడిచేసరికి కంపన పరిమితి సుమారు 14 శాతానికి పడిపోతుంది. అంటే వాహనం ఒకసారి లేచి, దిగి, దాదాపు నిలిచిపోతుంది. ఆయిల్ కారిపోయి నిష్పత్తి 0.1కి తగ్గితే అంతే స్థాయికి రావడానికి మూడు ఆవర్తనాలు కావాలి. ఇంజనీరింగ్ విద్యార్థి సంవర్గమాన క్షీణత అనే పేరుతో గణించేదాన్ని మెకానిక్ అరచేతితో కొలుస్తున్నాడు. పాఠం ఈ రెండింటినీ కలపకపోవడం వల్ల ఒకటి పరీక్షకు, మరొకటి జీవనోపాధికి పరిమితమై మిగిలిపోతున్నాయి.

శమన నిష్పత్తి డ్యాంపర్‌కు మాత్రమే చెందిన గుణం కాదన్నది సమీకరణం సూచించినా, పాఠం నొక్కిచెప్పని మరో విషయం. శమన గుణకం, స్ప్రింగు స్థిరాంకం మారకుండా మోసే ద్రవ్యరాశి రెట్టింపైతే నిష్పత్తి 0.3 నుంచి దాదాపు 0.21కి తగ్గుతుంది. ఖాళీ ట్రక్కు, నిండు ట్రక్కు ఒకే రోడ్డుపై వేర్వేరుగా ఊగడానికి ఇది ఒక కారణం. షాక్ అబ్జార్బర్ మారలేదు, వ్యవస్థ మారింది.

4. కమాన్ కట్టలు: వేగాన్ని లెక్కచేయని శమనం

శమన బలం వేగానికి అనుపాతంలో ఉంటుందన్నది ఒక ఊహ. గణితాన్ని సులభతరం చేయడం దాని ప్రధాన ప్రయోజనం. ట్రక్కుల వెనుక ఇరుసుపై ఉండే కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఈ ఊహకు లొంగవు. ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు వంగేటప్పుడు పరస్పరం రాసుకుంటాయి. ఈ పొడి ఘర్షణ వేగంపై అంతగా ఆధారపడదు. దీని ప్రభావంలో కంపన పరిమితి ఘాతీయంగా కాక, ప్రతి ఆవర్తనంలోనూ సమానమైన మొత్తంలో తగ్గుతుంది. పైగా, స్ప్రింగు బలం ఘర్షణను జయించలేని స్థితి రాగానే వస్తువు సమతాస్థానానికి కాస్త పక్కనే నిలిచిపోవచ్చు. ‘అవరుద్ధ’ అన్న పదానికి నిజంగా సరిపోయే సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే. విచిత్రమేమంటే పాఠ్యపుస్తకం ఆ పేరు కింద వివరించేది దీన్ని కాదు.

ఈ భేదానికి ఆచరణలో పర్యవసానం ఉంది. చిన్న గతుకులు కలిగించే బలం పట్టీల మధ్య ఘర్షణను దాటలేకపోతే కట్ట వంగనే వంగదు. అదటు నేరుగా చట్రానికి చేరుతుంది. అందుకే కమాన్ కట్టలున్న వాహనం ఖాళీగా పోతున్నప్పుడు చిన్న రాళ్లపైనా దడదడలాడుతుంది. శమనం ఉంది గాని, అవసరమైన చోట ఉపశమనం లేదు.

ఆయిల్ షాక్ అబ్జార్బర్ కూడా సమీకరణానికి పూర్తిగా విధేయం కాదు. లోపలి పిస్టన్ కదిలినప్పుడు ఆయిల్ సన్నని రంధ్రాల గుండా తోసుకుపోతుంది. ఆ ప్రవాహంలో యాంత్రికశక్తి ఉష్ణంగా మారుతుంది. గతుకుల దారిలో చాలాదూరం నడిచిన వాహనపు షాక్ అబ్జార్బర్ గొట్టం వేడెక్కడం ఇందుకు నిదర్శనం. సాధారణంగా దీన్ని చక్రం పైకి లేచేటప్పుడు తక్కువగాను, కిందికి దిగేటప్పుడు ఎక్కువగాను నిరోధించేలా రూపొందిస్తారు. రెండు దిశలలోనూ ఒకే గుణకాన్ని వాడే పాఠ్య సమీకరణం ఈ అసమానతను చూపలేదు. ఇది సమీకరణాన్ని తిరస్కరించడానికి కారణం కాదు. ఒక ఆవర్తనంలో వ్యయమయ్యే శక్తిని సమానం చేసి, నిజమైన డ్యాంపర్‌కు బదులుగా సరళమైన తుల్య గుణకాన్ని వాడే పద్ధతి ఇంజనీరింగ్‌లో ఉంది. సమీకరణం ఒక నమూనా మాత్రమేనని విద్యార్థికి చెప్పకపోవడమే లోపం.

5. ఎక్కువ శమనం ఎక్కువ మేలా?

‘అవరుద్ధ’ పదం కలిగించే అపోహలలో ప్రమాదకరమైనది ఇది. కంపనం చెడ్డదైతే, దాన్ని అడ్డగించేది ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న తర్కం సహజంగానే పుడుతుంది. నేల కంపనం వాహనంలోని మనిషికి ఎంత చేరుతుందో గణిస్తే ఈ తర్కం నిలవదు.

రోడ్డు కలిగించే కంపన పౌనఃపున్యం, వ్యవస్థ సహజ పౌనఃపున్యానికి సమానమైన అనునాద స్థితిని ముందుగా తీసుకోవాలి. శమన నిష్పత్తి 0.1 అయితే నేల కంపనం సుమారు 5.1 రెట్లై పైకి చేరుతుంది. నిష్పత్తి 0.7 అయితే 1.2 రెట్లకు పరిమితమవుతుంది. ఇక్కడ శమనమే రక్షణ. ఇప్పుడు రోడ్డు కంపన పౌనఃపున్యం సహజ పౌనఃపున్యానికి మూడు రెట్లు అనుకుంటే, నిష్పత్తి 0.1 ఉన్న వ్యవస్థ నేల కంపనంలో 15 శాతాన్ని మాత్రమే పైకి పంపుతుంది. 0.7 ఉన్న వ్యవస్థ దాదాపు 48 శాతాన్ని పంపుతుంది. ఇక్కడ అదే శమనం కంపనానికి వాహకమైంది. గట్టి డ్యాంపర్ ద్వారా చక్రమూ చట్రమూ దాదాపు ఒకే ముద్దగా కదలడం ఇందుకు కారణం.

ఈ రెండు ప్రవర్తనలను వేరుచేసే సరిహద్దు సహజ పౌనఃపున్యానికి వర్గమూలం 2 రెట్లు, అంటే సుమారు 1.41 రెట్ల వద్ద ఉంటుంది. అక్కడ శమనం ఎంత ఉన్నా కంపనం యథాతథంగా పైకి చేరుతుంది. సరిహద్దుకు ఇవతల శమనం మిత్రుడు, అవతల భారం. కార్ల రూపకర్తలు సాధారణంగా 0.2 నుంచి 0.4 వరకు ఉన్న నిష్పత్తితో సరిపెట్టుకోవడం ఈ రెంటి మధ్య రాజీ. ఊగకుండా త్వరగా నిలవవలసిన కొలమాన పరికరపు సూచికకు 1కి దగ్గరైన నిష్పత్తి ఉచితం. మనిషిని మోసే సీటుకు అది ఉచితం కాదు. ప్రయోజనాన్ని బట్టే ఔచిత్యం.

6. ట్రాక్టర్ సీటు

వాదాన్ని పరీక్షించడానికి ట్రాక్టర్‌ను మించిన ఉదాహరణ లేదు. సాధారణ ట్రాక్టర్ వెనుక ఇరుసుకు స్ప్రింగులూ ఉండవు, షాక్ అబ్జార్బర్లూ ఉండవు. నాగలి, కల్టివేటర్ వంటి పనిముట్ల లోతు నిలకడగా ఉండాలంటే ఇరుసు చట్రానికి బిగిసి ఉండడం మేలు. అందువల్ల స్ప్రింగు పని టైర్లే చేస్తాయి. శమనం పని కూడా రబ్బరు లోపలి ఘర్షణకే మిగులుతుంది, అది స్వల్పం. టైర్లపై ట్రాక్టర్ నిలువు డోలనపు సహజ పౌనఃపున్యం సుమారు 2 నుంచి 3 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతున్న ట్రాక్టర్ సెకనుకు 5 మీటర్లు కదులుతుంది. దారిలో గతుకులు రెండేసి మీటర్ల ఎడంలో ఉంటే సెకనుకు 2.5 కుదుపులు తగులుతాయి. అనునాదానికి ఇంతకన్నా అనువైన స్థితి ఉండదు. అనుభవజ్ఞుడైన డ్రైవరు అటువంటి దారిలో వేగాన్ని మార్చడం, తెలిసో తెలియకో, శమనం లేని వ్యవస్థను అనునాదం నుంచి తప్పించడమే.

ఇక మిగిలిన రక్షణ సీటు ఒక్కటే. ట్రాక్టర్ 2.5 హెర్ట్జ్ వద్ద ఊగుతుంటే సీటు సహజ పౌనఃపున్యం సుమారు 1.77 హెర్ట్జ్ కన్నా తక్కువగా ఉన్నప్పుడే అది కంపనాన్ని తగ్గించగలదు. స్ప్రింగు బిగుసుకుపోయి ఆ పౌనఃపున్యం 2.5 దరికి చేరితే సీటు రక్షించడం మాని, కుదుపును పెంచడం మొదలుపెడుతుంది. సీటు డ్యాంపర్ కూడా పాడైతే ఆ పెరుగుదలకు హద్దు చెప్పేది ఉండదు. అలాగని డ్యాంపర్‌ను మితిమీరి బిగిస్తే అధిక పౌనఃపున్య కంపనాలు నేరుగా వెన్నుకు చేరుతాయి. కూర్చున్న మనిషి శరీరం నిలువు దిశలో 4 నుంచి 8 హెర్ట్జ్ కంపనాలకు అత్యంత సున్నితమైనదని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631 గుర్తించింది. బిగించిన డ్యాంపర్ లోనికి రానిచ్చేది సరిగ్గా ఆ కంపనాలనే. దీర్ఘకాలం ఇటువంటి కుదుపులకు గురయ్యేవారిలో నడుమునొప్పి ఎక్కువన్నది వైద్యులకు తెలిసిన విషయమే. డ్యాంపింగ్‌ను సరిగా అర్థం చేసుకోవడం ఇక్కడ ఒక మనిషి వెన్నెముకకు సంబంధించిన ప్రశ్న.

7. ముగింపు

డ్యాంపింగ్‌ను చలనానికి అడ్డుగా కాక, క్రమబద్ధమైన చలనం నుంచి శక్తి వెలుపలికి పోయే మార్గంగా బోధించాలి. అప్పుడే స్ప్రింగుకూ డ్యాంపర్‌కూ భేదం తెలుస్తుంది. పొడి ఘర్షణ, ఆయిల్ ప్రవాహం, రబ్బరు సాగుడు ఒకే పేరు కింద ఎలా చేరాయో, ఎక్కడ వేరవుతాయో అర్థమవుతుంది. ఎంత శమనం అన్న ప్రశ్నకు, ఏ పౌనఃపున్యం వద్ద, ఎవరి కోసం అన్న ఎదురు ప్రశ్న పుడుతుంది. పరిభాషను సంస్కరించడం ఇందులో ఒక భాగం మాత్రమే. ‘అవరుద్ధ డోలనాలు’ అన్న శీర్షిక కింద స్ప్రింగుకు వేలాడే దిమ్మె బొమ్మతో పాటు కమాన్ కట్ట, షాక్ అబ్జార్బర్, ట్రాక్టర్ సీటు బొమ్మలు కూడా చేరితే చాలా చిక్కులు వాటంతట అవే వీడిపోతాయి. జహీరాబాద్ విద్యార్థికి ఆ బొమ్మల కోసం దూరం వెళ్లవలసిన పని లేదు. అతని ఇంటి ముందు ఆగిన చెరకు ట్రాక్టర్ ఆ పాఠాన్ని మోసుకుని నిలబడి ఉంది.