చిత్రాంగికి న్యాయం చేసేది చిందోళ్లే

సారంగధర కథ చూడాలంటే చిందోళ్లు ఆడగా చూడాలి. పద్య నాటకం మీద నాకు గౌరవమే. 1957లో ఎన్టీఆర్, భానుమతి నటించిన సినిమానూ ఇష్టంగానే చూశాను. కానీ ఆ కథను రాత్రంతా మోసి, తెల్లవారేసరికి ఒడుపుగా దించడం చిందు భాగోతానికే చేతనైన పని. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో చాప పరుచుకుని కూర్చుని ఆట చూసిన పెద్దలు ఎవరినైనా అడగండి, ఇదే మాట చెబుతారు. ప్రేమ కథను ముగించడం ఒక విద్య. ఆ విద్య నేర్చినవాళ్లను ఇంటి పక్కనే పెట్టుకుని మనం పట్టించుకోవడం లేదనేదే నా బాధ.

ఈ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కామారెడ్డిలో డిగ్రీ చదివే మా మేనల్లుడు ఈమధ్య ఒక జపాన్ యానిమే సిరీస్ చూసి రెండు రోజులు ముభావంగా తిరిగాడు. దాని పేరు ‘డార్లింగ్ ఇన్ ది ఫ్రాంక్స్’. 2018లో వచ్చింది, మొత్తం 24 భాగాలు. హిరో అనే కుర్రాడు, జీరో టూ అనే కొమ్ముల పిల్ల. వాళ్లిద్దరి మధ్య ప్రేమను చాలా ముచ్చటగా పెంచుకుంటూ వచ్చారు. చివరి నాలుగైదు భాగాలకు వచ్చేసరికి ఆకాశం నుంచి కొత్త శత్రువులు దిగారు, కథ అంతరిక్ష యుద్ధంలోకి పోయింది. “ఇన్ని రోజులు వీళ్లిద్దరి కోసమే చూస్తే, ఆఖరికి వాళ్లను పక్కన పెట్టి యుద్ధం చూపెట్టిండ్రు మామా” అన్నాడు. ఆ సిరీస్ ముగింపు మీద ఎన్నో దేశాల అభిమానులు ఇదే గోడు వెళ్లబోసుకున్నారు. వాడి బాధ నాకు అర్థమైంది. చిందు గురువు ఎవరైనా ఆ తప్పును ఇట్టే పట్టేస్తాడు: ముగింపుకు కావలసిన సరుకును మొదటి జామునే ఆటలో వేయలేదు.

సారంగధర ముగింపు అంతకన్నా చిక్కు. రాజరాజ నరేంద్రుడి చిన్న భార్య చిత్రాంగి, సవతి కొడుకు సారంగధరుణ్ణి కోరుకుంటుంది. పావురం కోసం ఆమె మేడకు వెళ్లిన కుర్రవాడు కాదంటాడు. ఆమె నింద వేస్తుంది. రాజు నమ్మి, కొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. అడవిలో సిద్ధుడి మహిమతో అవయవాలు మళ్లీ వస్తాయి. జనం నోట నడిచే ఒక కథలో అయితే, పెళ్లికి ముందు చిత్రాంగికి చూపించింది సారంగధరుడి పటమే. అంటే ఆమె మనసు పడింది అతడి మీదే, తాళి పడింది ముసలి రాజు చేత. ఇప్పుడు చెప్పండి, ఈ కథను ఎలా ముగిస్తారు? కాళ్లూ చేతులూ మొలిపించి మంగళం పాడేస్తే చాలా?

చదువుకున్నవాళ్లకు ఇది చాలదనిపించింది. 19వ శతాబ్దం చివర బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రాసి, మహిమలేవీ లేకుండా కథను విషాదంగానే ముగించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరుంది. నాటకాన్ని మంగళంతో ముగించాలన్న మన ఆనవాయితీని ఎదిరించిన ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ మహిమను ఉంచుకుంటూనే ప్రేక్షకుణ్ణి మోసం చేయకుండా ముగించడం ఇంకా కష్టం. చిందోళ్లు చేసేది ఆ కష్టమైన పని.

చిందు ఆడేది మాదిగల ఆశ్రిత కులం. జాంబ పురాణం చెప్పడం, ఎల్లమ్మ వేషం కట్టడం వాళ్ల సొత్తు. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్లు మిరాశీగా ఉండేవి. తేలిక చెక్కతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి అర్దళం, కాలికి గజ్జెలు, పక్కన మద్దెల, తాళాలు, హార్మోనియం. సామగ్రి ఇంతే. ఇంకొక గొప్ప సంగతి, ఆడ వేషాలు ఆడవాళ్లే కడతారు. మిగతా చాలా భాగోతాల్లో మగవాళ్లు చీర కడుతున్న కాలంలోనే చిందు ఆడబిడ్డలు రంగం మీద ఉన్నారు.

ఇక పనితనం చూడండి. ఆట మొదట్లోనే కథంతా వచనంలో చెప్పేస్తారు. చివరికి ఏమవుతుందో ముందే తెలిసిపోతుంది. ఇక మన చూపు ఏం జరుగుతుందన్న దాని మీద నుంచి ఎలా జరుగుతుందన్న దాని మీదికి మళ్లుతుంది. తర్వాత తెర. ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకుంటారు. తెర కింద చిత్రాంగి పాదాలు మాత్రమే కనిపిస్తాయి. మద్దెల పిలుస్తుంది, గజ్జె బదులిస్తుంది. మనిషిని చూడకముందే ఆమె నడకతో మనకు పరిచయం అవుతుంది. ఆ నడకే ముగింపుకు పెట్టుబడి అని అప్పుడు ఎవరికీ తెలియదు.

పావురం ఘట్టం సంవాద దరువుల్లో నడుస్తుంది. ఆమె ఒక చరణం, అతడు ఒక చరణం, వెనకాల వంత. నేను చూసిన ఒక చిత్రాంగి ఇక్కడ చేసిన పని జన్మలో మరువలేను. సారంగధరుడు “అమ్మా” అన్న ప్రతిసారీ ఆమె కుడి పాదం అర మాత్ర ఆలస్యంగా పడేది. తాళం తప్పలేదు, మద్దెల వాయించే ఆయన ముఖంలో చిరునవ్వు కదిలింది, అంటే కావాలనే చేస్తోంది. మొదటిసారి గమనించలేదు. మూడోసారికి ఆడవాళ్ల వైపు నుంచి “అయ్యో” అని వినబడింది. ఆ పిలుపు ఆమెకు ఎక్కడ తగులుతోందో పాదంతోనే చెప్పింది. దుర్మార్గురాలిగా మాత్రమే చూపిస్తే పని తేలిక. ఆమె మనిషిని చూపించింది.

అడవి ఘట్టానికి వచ్చేసరికి రాత్రి మూడో జాము. మద్దెల ఆగిపోతుంది. ఒక్క తాళం మీద తల్లి రత్నాంగి శోకం నడుస్తుంది. అంతకుముందు నవ్వించిన హాస్యగాడు కూడా తల వంచుకుని వంత పాడతాడు. సిద్ధుడు వచ్చాక అసలు విద్య బయటపడుతుంది. సారంగధరుడు గుడ్డ కింద చేతులు ముడుచుకుని పడి ఉంటాడు. మంచి ఆటగాడు ఒక్కసారిగా లేచి నిలబడడు. దరువులో ఒక్కో చరణానికి ఒక్కో కీలు కదుపుతాడు. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు, మోచేయి. ఒక కాలి గజ్జె మోగుతుంది. చాలాసేపు రెండోది మోగదు. అది మోగిన క్షణాన మద్దెల మళ్లీ అందుకుంటుంది. ఆ వేళకు తూర్పు తెల్లబడుతుంటుంది. రాత్రంతా మేలుకున్న మనిషికి ఆ మహిమ అబద్ధం అనిపించదు, తన ఒంట్లోకే ప్రాణం వచ్చినట్టుంటుంది.

అక్కడితో ఆపేసినా జనం హారతి పళ్లెంలో డబ్బులు వేసేవాళ్లు. చిత్రాంగి వేషం కట్టిన ఆమె ఆపలేదు. నిజం బయటపడ్డాక చిత్రాంగి రంగం మీద ఒంటరిగా నిలబడింది. పాట లేదు, మాట లేదు. అదే నడక నడిచింది. కుడి పాదం మళ్లీ అర మాత్ర ఆలస్యంగా పడింది. ఎవరూ “అమ్మా” అని పిలవకుండానే. ముగింపు అంటే అదీ. సారంగధరుడికి మహిమ దక్కింది, చిత్రాంగికి ఆ ఒక్క అడుగు దక్కింది. మంగళం ఇద్దరికీ కలిపి పాడారు.

ఈ గడ్డ మీద పుట్టిన మహానుభావుల్ని తలుచుకోకపోతే పాపం. బోధన్ పక్కన అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ చిన్ననాడే గజ్జె కట్టి, ముసలితనం దాకా ఆడింది. 2005లో ఆమె పోయినప్పుడు ఉమ్మడి నిజామాబాద్ జిల్లా తన పెద్ద గొంతును పోగొట్టుకుంది. జనగామ జిల్లా అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య ఐదు దశాబ్దాలకు పైగా ఆడుతూ 19 వేలకు మించి ప్రదర్శనలు ఇచ్చారు. 2024లో పద్మశ్రీ వచ్చింది, ఆలస్యంగానైనా వచ్చింది. జనగామ వాళ్ల బాణీకి తిరుగులేదని చాలామంది అంటారు. నేను మాత్రం మంజీర పక్క బాణీనే మెచ్చుకుంటాను. వీరావేశం వాళ్లదైతే, విరహం మావాళ్లది.

ఇంతటి విద్యకు ఇప్పుడు మనం ఇస్తున్నదేమిటి? సభల్లో, ఉత్సవాల్లో ఇరవై నిమిషాలు. ముఖ్య అతిథి రాకముందు జనాన్ని కూర్చోబెట్టడానికి ఒక దరువు, ఫొటోల కోసం ఒక గెంతు. రాత్రి నడకను ఇరవై నిమిషాల్లోకి కుదిస్తే అర మాత్ర ఎక్కడ పడుతుంది? కొన్నిచోట్ల మద్దెల బదులు పెన్ డ్రైవ్ పెడుతున్నారు. కీళ్లు ఒక్కొక్కటిగా కదలాల్సిన చోట పొగ మిషన్ పెట్టి ఒక్క ఎగురుతో లేపేస్తున్నారు. మంగళం పాడాల్సిన గొంతు మీద డీజే పడుతోంది. మెరుపు కాగితం కిరీటం పెట్టుకుని సినిమా పాటకు గెంతితే అది చిందు అవుతుందా? ఆడేవాళ్లను అనను, కడుపు కూటి కోసం ఆడుతున్నారు. మిరాశీ ఊళ్లు పోయాయి, పిల్లలు హైదరాబాద్ కూలికి పోయారు. ఆడించేవాళ్లను అంటాను. ఉత్త తలకాయను ఊరేగించి, మొండెం ఏదని అడగకుండా చప్పట్లు కొట్టే మనల్ని అంటాను.

ముగింపు సరిగా లేదని 24 భాగాల జపాన్ సిరీస్ మీద కోపం తెచ్చుకునే కుర్రకారుకు ముగింపు విలువ తెలుసు. ఆ కోపం మంచిదే. వాళ్లను ఒక్క రాత్రి చాప మీద కూర్చోబెట్టగలిగితే ఈ కళకు కావలసిన ప్రేక్షకులు మన ఇళ్లలోనే దొరుకుతారు. ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి, తాడ్వాయి పెద్దలకు నా విన్నపం ఒకటే. ఏటా పండుగకు డీజేకు ఇచ్చే డబ్బులో కొంత ఒక్క రాత్రి ఆటకు పక్కన పెట్టండి. చిందు మేళాన్ని పిలిచేటప్పుడే ఒప్పందం చేసుకోండి: రంగపూజ నుంచి మంగళం దాకా పూర్తి సారంగధర, మధ్యలో సన్మానాలు లేవు, ఉపన్యాసాలు లేవు. విశ్వవిద్యాలయాల వాళ్లు, సాంస్కృతిక శాఖ వాళ్లు కెమెరా తెస్తే రాత్రంతా నడపండి, ముసలి గురువుల పాదాల దగ్గర పెట్టి నడపండి. ఆ అడుగు తెలిసినవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లున్నప్పుడే మన పిల్లలు దాన్ని నేర్చుకోవాలి.