దేవుని స్వరూపం, మనిషి విలువ

దేవుడు స్త్రీ పురుషులిద్దరినీ తన స్వరూపంలో సృజించాడని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. ఈ మాట బలాన్ని మనం తక్కువ చేయకూడదు. బాబిలోనియా కావ్యం ఎనూమా ఎలిష్‌లో మనుషులు పుట్టింది దేవతల చాకిరీ మోయడానికే. పురుష సూక్తం వర్ణాలను నోరు, చేతులు, తొడలు, పాదాల మెట్లుగా చూపింది. ఆదికాండంలో ఆ మెట్లు లేవు. మాల, మాదిగ పేటల్లో మన బంధువులు ఈ గ్రంథాన్ని ఎందుకు గుండెకు హత్తుకున్నారో ఇక్కడే అర్థమవుతుంది.

అయినా మనకొక ప్రశ్న ఉంది. విలువ ఇచ్చేది పైవాడైతే, ఆయన పేరు చెప్పేవారు దాన్ని లాక్కోగలరు కదా? తొమ్మిదో అధ్యాయం దేవుని స్వరూపాన్ని కారణంగా చూపి నరహత్యను ఖండిస్తుంది. ఆ అధ్యాయం చివరే నోవహు నోట కనానుకు దాస్య శాపం వినిపిస్తుంది. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవారు ఆ శాపాన్నే సాకుగా వాడుకున్నారు.

అగ్గఞ్ఞ సుత్తంలో బుద్ధుడు సృష్టికర్తను ఆశ్రయించలేదు. బ్రహ్మ నోటినుంచి పుట్టామనేవారు కూడా తల్లి కడుపునే పుట్టారని గుర్తుచేశాడు. గొప్పతనానికి కొలత పుట్టుక కాదు, శీలమని చెప్పాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్న విశ్వాసంతోపాటు, సమానత్వ స్థాపనకు పాటుపడతామన్న మాటా ఉంది. మనకు సమానత్వం వరం కాదు, బాధ్యత.

కులం పాటించే చర్చిని మన క్రైస్తవ బంధువులు ఆ మొదటి అధ్యాయం పట్టుకొని నిలదీసిన రోజున మనం వారి పక్కనే నిలబడాలి.