ఎత్తకపోవడంలోని మర్యాద

మా ఇల్లు పాతబస్తీలో, గౌలిపురాలో. నా చిన్నప్పుడు మాకు ఫోన్ లేదు. పక్కింటి నంబరే మా పీపీ నంబర్. నల్గొండ నుంచి తాత చేస్తే పక్కింటి పెద్దమ్మ ఎత్తి, గోడ మీంచి అమ్మని కేకేసేది. అమ్మ పరుగెత్తే లోపు అక్కడ ఎస్టీడీ బూత్‌లో మీటరు తిరుగుతూనే ఉండేది. అందుకని తాత ఒక పద్ధతి పెట్టాడు. రెండు రింగులిచ్చి పెట్టేసేవాడు, ఐదు నిమిషాలాగి మళ్లీ చేసేవాడు. మొదటి రింగులు ఎత్తొద్దని పెద్దమ్మకి ముందే చెప్పాం. ఎత్తని కాల్‌కి బిల్లు లేదు కదా.

ఇదంతా గుర్తుచేసింది ఒక నిబంధనల పత్రం: 1989 జూన్ నాటి ఫిడోనెట్ 'పాలసీ 4'. ఇలాంటి దానికి సమీక్షేమిటని మీరనుకోవచ్చు. కానీ ఇంట్లో లేనివాడు అతిథికి ఏం బాకీ ఉంటాడన్న ప్రశ్నని ఇంత సూటిగా పట్టుకున్న రచనలు నేను ఎక్కువ చదవలేదు.

ఇంటర్నెట్ ఇళ్లలోకి రాకముందు బులెటిన్ బోర్డులుండేవి. ఒక కంప్యూటర్, ఒక మోడెమ్, తరచుగా ఒకే ఒక్క ఫోన్ లైన్. 1984లో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన ఫిడోనెట్‌లో, చార్జీలు తగ్గే రాత్రివేళ ఈ బోర్డులు ఒకదానికొకటి డయల్ చేసుకుని ఉత్తరాలు అందించుకునేవి. మరి మీ బోర్డు పాడైతే? ఆన్సరింగ్ మెషీన్ మాత్రం పెట్టొద్దంటుంది పాలసీ. అవతల డయల్ చేసేది యంత్రం. దానికి మీ క్షమాపణ అర్థం కాదు. మళ్లీ మళ్లీ చేస్తుంది, ప్రతిసారీ వాళ్లకి బిల్లు పడుతుంది. పైకి మర్యాదగా కనిపించేది నిజానికి దోపిడీ.

ఫిడోనెట్ తొలిరోజుల గురించి ఒక కథ చెబుతారు. జాబితాలో ఒక నంబర్ తప్పు పడింది. రాత్రుళ్లు యంత్రాలు ఒక ముసలావిడ ఇంటికి ఫోన్ చేస్తూ పోయాయట. పత్రం నిండా ఆవిడ నీడ ఉన్నట్టు నాకనిపిస్తుంది.

లోపాలు లేవని కాదు. ఎదుటివాడిని అతిగా విసిగించకూడదంటుంది గానీ, ఎంతైతే అతి అన్నది చెప్పదు. తేల్చేది కోఆర్డినేటర్లే. వాళ్లలో ఎక్కువమందిని నియమించేది పై కోఆర్డినేటర్లు.

అయినా ఇందులో నన్ను ఆపేసిన మాట మరొకటుంది. ఒకట్రెండు రోజుల కంటే ఎక్కువ పని చెయ్యకపోతే కోఆర్డినేటర్‌కి వెంటనే చెప్పమంటుంది. అప్పుడు జాబితాలో ఆ నంబర్ పక్కన 'డౌన్' అని గుర్తు పడుతుంది. అంటే డబ్బు కాజేయకపోతే చాలదు, కబురు కూడా పెట్టాలి.

ఆ రెండోది నాకు తెలిసొచ్చింది 2002లో. అప్పటికి మాకూ ఫోన్ వచ్చింది, డయలప్ కూడా. ఒక రాత్రి నేను నెట్‌లో కూచున్నాను. తాతని ఆస్పత్రిలో చేర్చారు. మామయ్య గంటన్నర సేపు చేస్తే ఎంగేజే. ఆయనకి పైసా ఖర్చు కాలేదు. కానీ ఎంగేజ్ అంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టేగా, అందుకే చేస్తూనే ఉన్నాడు. చివరికి పాత పీపీ నంబర్‌కి చేశాడు. పెద్దమ్మ గోడ మీంచి కేకేసింది. మేం వెళ్లేసరికి తాతకి స్పృహ లేదు.

ఇప్పుడు నా ఉద్యోగం సర్వర్లతో. మేం మరమ్మతు చేసేటప్పుడు చక్కటి బొమ్మతో 'క్షమించండి' అనే పేజీ వస్తుంది. రాసింది నేనే. దానికి 200 కోడ్ పెట్టాను, అంటే అంతా సవ్యమేనని. మనిషి ఆ పేజీ చదివి వెళ్లిపోతాడు. అవతల ఉన్నది ప్రోగ్రామైతే పని అయిందనుకుంటుంది. పాలసీ వద్దన్న ఆన్సరింగ్ మెషీన్ అదే.

పోయిన వారం దాన్ని 503గా మార్చాను. ఎంతసేపాగి రావాలో చెప్పే రీట్రై-ఆఫ్టర్ హెడర్ కూడా చేర్చాను. విలువ 300 సెకన్లు. తాత లెక్కలో ఐదు నిమిషాలు.