ఆ పుస్తకంలో మన ఇల్లు లేదు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా చదివి రాత్రికి అశోక్‌నగర్ గదికి చేరే మన పిల్లల్ని, ఇంట్లో ఎవరెవరున్నారని అడగండి. గదిలో ఉండే దోస్తుల పేర్లు చెప్తారు. అమ్మానాన్నలు తండాలోనో గూడెంలోనో ఉంటారు. పరీక్ష వాయిదా పడ్డ రాత్రి ఆ గదిలోకి బీరు సీసాలొస్తే వద్దనేది ఎవరు?

ఈ ప్రశ్నతోనే మేము నారాయణగూడ దగ్గర ఒక హాస్టల్లో మత్తు నివారణ శిక్షణకు వెళ్లాం. కుటుంబమే పిల్లల్ని కాపాడుతుందని చెప్పే పుస్తకం ఒకటి ఇచ్చారు. భాష తెలుగే. బొమ్మలో మాత్రం నలుగురు డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్నారు. రాత్రి భోజనాల దగ్గర పిల్లలతో మాట్లాడాలట. మన పిల్లలు చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలకు పోతారు, ఆ తర్వాత హాస్టల్, ఆ తర్వాత ఈ గది. ఏ రాత్రి మాట్లాడాలి?

ఈ తరహా కార్యక్రమాల్లో పేరున్నది 1980లలో అమెరికాలోని యూటాలో కెరోల్ కుంఫర్ రూపొందించిన 'స్ట్రెంగ్తెనింగ్ ఫ్యామిలీస్ ప్రోగ్రామ్'. 14 వారాలు నడుస్తుంది. ప్రతిసారీ ఒక గంట పెద్దలు వేరుగా, పిల్లలు వేరుగా కూర్చుంటారు. రెండో గంటలో అందరూ కలిసి నేర్చుకున్నది చేసి చూస్తారు. స్థానిక సంస్కృతికి తగ్గట్టు మారుస్తున్నామని పాఠాలు కుదిస్తే, చివరిదాకా వచ్చేవాళ్లు 40 శాతం దాకా పెరిగినా ఫలితం తగ్గుతుందని 2002లో ఆమె, సహచరులు రాశారు. మాకు ఈ మాట నచ్చింది. మార్చాల్సింది బొమ్మల్ని, భాషను, కుటుంబం అనే లెక్కను. కూర్చోవడాల సంఖ్యను కాదు. మేము చూసిన శిక్షణ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది, అదీ తల్లిదండ్రులు ఒక్కరూ లేకుండా.

ఇంకో పాఠం, ఇంట్లో సారా ఉంచొద్దని. కోయ, గోండు ఇళ్లల్లో పండుగనాడు ఇప్పసారాను ముందు దేవతలకు, పోయిన పెద్దలకు ధార పోస్తారు. అది నేరమని చెప్తే పిల్లవాడు తాగుడు మానడు, ఇంటిని చూసి సిగ్గుపడతాడు. అట్లని మేము సారాను వెనకేసుకు రావట్లేదు. గుడుంబా మన తండాల్లో ఎన్ని కొంపలు తీసిందో మనకు ఒకరు చెప్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, మరుసటి ఏడు అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తును కట్టడి చేసే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకూ ఇచ్చింది. ఆ పుస్తకంలో గ్రామసభ మాటే లేదు.

దండారికి, తీజ్‌కు పిల్లలు ఊరికొస్తారు. అప్పుడు అవ్వతో, పటేల్‌తో, నాయక్‌తో కలిపి కూర్చోబెట్టొచ్చు. మిగతా వారాలు అశోక్‌నగర్ గదిలోనే, ముందుగా పట్నం వచ్చిన ఊరి అన్న పెద్దగా, ఫోన్లో అమ్మ గోండీలోనో లంబాడీలోనో మాట్లాడుతుండగా జరగాలి. ఆశ్రమ పాఠశాల టీచర్లు తలుచుకుంటే ఇది ఇంకా ముందే మొదలవుతుంది.

శిక్షణ చివర్లో తల్లిదండ్రుల సంతకం అని ఒక గీత ఉన్న కాగితం ఇచ్చారు. మన పిల్లలు ఒకరి కాగితం మీద ఒకరు సంతకం పెట్టి ఇచ్చేశారు.