కుచ్చిళ్లలో మడతపడే బొమ్మ

శ్రీకాళహస్తి కలంకారీ మొదట ఒంటిమీదికి కాదు, గుడి గోడమీదికి. దేవుడి వెనక తెరగానో, ఉత్సవాలకు వేలాడదీసే గుడ్డగానో రామాయణం మొత్తం ఒకే బట్టమీద గీసేవాళ్లు. నడుమ పట్టాభిషేకం పెద్దగా, చుట్టూ వరసల్లో కథ, వరసల మధ్య సన్నటి పట్టీల్లో తెలుగు రాత. ఎదురుగా నిలబడి తీరిగ్గా చదువుకుంటూ పోవచ్చు. గుడ్డ కదలదు.

చీర అట్లా ఊరుకునేది కాదు. అయిదున్నర మీటర్లలో ఒక చుట్టు లోపలికి పోతుంది, గజం పైచిలుకు కుచ్చిళ్లలో మడతపడుతుంది, మిగిలింది నడిచినప్పుడల్లా ఊగుతుంది. సీతమ్మ ముఖం కుచ్చిళ్లలో సగం దాగి సగం కనబడితే ఎంత గొప్ప గీత గీసీ ఏం లాభం? ఫలానా డిజైనర్ ఫలానా చిత్రం నుంచి స్ఫూర్తి పొందారని చదివినప్పుడల్లా నేను ముందు చూసేది ఇదే: బొమ్మ బాగుంది సరే, కట్టుకుంటే ఎక్కడ పడుతుంది?

1965లో పారిస్‌లో డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ, చిత్రకారుడు మాండ్రియన్ బొమ్మల్లోని నల్లగీతలు, రంగు గళ్లతో గౌన్లు చేశాడు. గుడ్డమీద అచ్చు కొట్టించలేదు. రంగురంగుల ఉన్ని గుడ్డ ముక్కలను అతికి కుట్టించి, ఒంటి వంపుకు కావలసిన కుట్లను ఆ గళ్ల అతుకుల్లోనే దాచేశాడు. చూడ్డానికి చిత్రం చదునుగానే ఉంటుంది, గౌను మాత్రం ఒంటికి కుదురుతుంది. అక్కడ మెచ్చుకోవలసింది దర్జీ చేతిని.

కాళహస్తి పనివాళ్లు ఇదే చిక్కును కుట్టు లేకుండా విప్పారు. పట్టాభిషేకమో, నెమళ్లు వాలిన చెట్టో, చూపించాల్సిన బొమ్మంతా కొంగుకు చేరుతుంది. కుచ్చిళ్లు పడే చోట చిన్న పూలు, తీగలు. మడతలో పోయినా నష్టం లేనివి. అంచులో తీగ వెంట చిలకలో, హంసలో సాగుతాయి. ఇప్పుడు చీరను నేలమీద పూర్తిగా పరిచి చూడండి. అంచులోని చిలకల తలలు ఒక వైపు ఉంటే, కొంగులోని మనుషులు అడ్డంగా పడుకుని ఉంటారు! పొరపాటు కాదు. నడుముకు చుట్టినప్పుడు గుడ్డ పన్నా నిలువవుతుంది, భుజాన వేసినప్పుడు పొడవు నిలువవుతుంది. కొంగు దగ్గరికి వచ్చేసరికి గీసేవాడు బొమ్మను పావువంతు తిప్పి, పాదాలు కొంగు చివరకు వచ్చేలా కూర్చాలి. గోడ గుడ్డకు ఈ బాధ ఎప్పుడూ లేదు.

గీత సంగతి వేరే చెప్పాలి. గీసేది కరక్కాయ రసం, గేదె పాలు కలిపి తడిపి ఆరబెట్టిన నూలు గుడ్డమీద. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే కసిమి అనే సిరా తయారవుతుంది. ఆ నీళ్లు కుండలో ఉన్నంతసేపూ అంత నల్లగా ఉండవు; గుడ్డలోని కరక్కాయను తాకాకే నలుపు తేలుతుంది. వెదురుపుల్ల మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కట్టిన కలం ఆ సిరాను పీల్చుకుంటుంది. వేళ్లతో ఉన్నిని నొక్కేకొద్దీ సిరా దిగుతుంది. కనుబొమ్మ సన్నగా మొదలై నడుమ లావెక్కి మళ్లీ సన్నబడేది ఈ నొక్కుడు వల్లే. చింతబొగ్గుతో వేసిన తొలిగీతను దులిపేయొచ్చు గానీ, కసిమి పడ్డాక చెరపడం లేదు.

ఎరుపు మరీ విడ్డూరం. ఎర్రగా కావలసిన చోట పూసేది పటిక నీళ్లు. అందులో ఎరుపు ఉండదు. చిరివేరు, మంజిష్ఠ వంటి వేర్లు వేసి గుడ్డను ఉడకబెట్టాక, పటిక ఉన్న చోటే రంగు పట్టుకుంటుంది. తరవాత ఉతుకులు, ఎండలు. పసుపు, నీలం ఆ పైన వస్తాయి. పసుపుమీద నీలం పడితే ఆకుపచ్చ. అంటే పనివాడు సగంసేపు కంటికి ఆనని బొమ్మను మనసులో పెట్టుకుని పూస్తుంటాడు.

ఈ పని దాదాపు ఆగిపోయే దశలో, హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల్లో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలైంది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గోడగుడ్డలతో పాటు చీరలూ దుపట్టాలూ ఊరికి కూడుపెట్టడం మొదలైంది ఈ పునరుద్ధరణ తరవాతే.

హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా మరో మార్గం పట్టారు. చిత్రకారుడు రాజా రవివర్మ బొమ్మలను ఖాదీ చీరల కొంగుల్లో జాందానీ నేతలో దింపించారు. 2019లో ముంబై నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఆ చీరలను ప్రదర్శించారు. బుగ్గమీది నీడ కూడా పోగు మార్చి తేవలసిందే. నాకది అబ్బురమే, కానీ ఆ చీరలు నూనెరంగును అనుకరించాలని తాపత్రయపడతాయి. లేపాక్షి లతామండపం స్తంభాలమీద చెక్కిన తీగల నమూనాలు చీర అంచుల్లోకి వచ్చినప్పుడు ఆ తంటా కనబడదు. అవి మొదటినుంచీ ఎక్కడ తుంచినా అందం చెడనివి.

తిరుపతి బట్టల దుకాణాల్లో ఇప్పుడు కలంకారీ పేరిట డిజిటల్ అచ్చు చీరలు బోలెడు. చవక, కట్టుకునేవాళ్లను తప్పుపట్టను. గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టండి. చేత్తో గీసినవైతే రెండో దాని కన్ను ఒక పిసరైనా వేరుగా ఉంటుంది. కొంగును బల్లమీద కాకుండా భుజాన వేసుకుని అద్దంలో వీపు చూసుకోండి. బొమ్మ తలకిందులై కనిపిస్తే, గీసినవాడికి చీర కట్టు తెలియదన్నమాట.