ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?

రాయపూర్‌లో నడివయసు వాళ్లు నలుగురు కూర్చుంటే మాట ఏదో దారిన 2013 మే 25కి వెళ్తుంది. సుక్మాలో పరివర్తన్ యాత్ర సభ ముగించుకుని జగదల్‌పూర్ తిరిగొస్తున్న కాంగ్రెస్ నాయకుల మీద జీరం ఘాటీలో మావోయిస్టులు విరుచుకుపడిన శనివారం అది. మహేంద్ర కర్మను చంపేశారు. గాయపడిన వి.సి. శుక్లా జూన్ 11న కన్నుమూశారు.

"అప్పుడు మీరెక్కడున్నారు?" అని అడగడం నాకలవాటు. యాత్రలో తామూ వెళ్లాల్సినవాళ్లమేనని చెప్పేవాళ్లు ఎక్కువ. వాళ్లంతా నిజంగా వెళ్లుంటే కార్ల వరస రాయపూర్ దాకా ఉండేది. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో, వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరైన మా బాబాయిగారైతే తడుముకోరు. "మధ్యాహ్నం భోంచేస్తున్నానురా. పప్పులో నెయ్యి వేసుకుంటుంటే టీవీలో ఎర్రక్షరాలు పడ్డాయి. ముద్ద దిగలేదు."

వంటింట్లోంచి పిన్ని అందుకుంటుంది. "దాడి జరిగిందే సాయంత్రం పూట. టీవీ వాళ్లకి మధ్యాహ్నమే ఎలా తెలుస్తుందండీ? మీరు గేటు దగ్గర ట్యాంకర్ నీళ్లు పట్టిస్తున్నారు. పక్కింటి కుర్రాడొచ్చి చెప్పాడు."

బాబాయిగారు ఒప్పుకోరు. నెయ్యి గిన్నె కూడా గుర్తుందంటారు. గిన్నె నిజమే అయ్యుంటుంది, రోజే వేరు. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే అమెరికాలో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త, ఆ కబురు ఎలా తెలిసిందో విద్యార్థుల చేత రాయించి పెట్టాడు. రెండున్నరేళ్లకు మళ్లీ అడిగితే నలుగురిలో ఒకరు చెప్పింది మొత్తం తప్పే. సొంత దస్తూరీ చూపించినా పాత సంగతి గుర్తుకు రాలేదు.

పెద్ద కబురు విన్న రాత్రే నేను నాలుగు ముక్కలు రాసిపెడతాను. ఎక్కడున్నాను, ఎవరు చెప్పారు, ఏమన్నారు, అంతే. బాధ సంగతి రాయను, అది మర్నాడు పేపర్లో కావలసినంత ఉంటుంది. ఆ శనివారం పేజీలో ఉన్నది ఇది: ఫాఫాడీ, మందుల షాపు. షాపతనికి జగదల్‌పూర్ నుంచి బావమరిది ఫోను. కర్మ పోయారట. పటేల్‌ను, కొడుకును ఎత్తుకుపోయారట, ఆచూకీ లేదు.

నందకుమార్ పటేల్ అప్పటి పీసీసీ అధ్యక్షుడు. ఆయనవీ, కొడుకు దినేశ్‌వీ మృతదేహాలు దొరికింది ఆదివారం. ఇప్పుడు ఎవరినడిగినా ఆయన పోయారని శనివారమే విన్నామంటారు. వదిలేస్తారేమోనని ఆ రాత్రంతా టీవీ కట్టేయకుండా కూర్చున్న సంగతి ఒక్కరూ చెప్పరు.